రెండు ముడుల దారం

ధర్మవరం,
12-5-1983

గంగాధరన్నకు,

నమస్కారం ఈసారి వదినకు మాత్రమే.

మా మగ్గానికీ గోడకూ మధ్య ఉన్న చోటును పట్టుదారంతో కొలిచి, రెండు కొసలా ముడులు వేసి నీకిచ్చాను. బెంగుళూరు పోతున్నావు కదా, అందులో పట్టే చిన్న డ్రమ్ సెట్ చూడమన్నాను. నేను చేరాలనుకున్న పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలోకి సొంత సెట్ ఉన్నవాణ్ణే తీసుకుంటారని నీకూ తెలుసు. "మగ్గం తొక్కే కాళ్లకు డ్రమ్ము తొక్కేది ఒక లెక్కా?" అని నన్ను ఎగదోసింది నువ్వే. తిరిగొచ్చి దారం నా చేతిలో పెట్టి, "దీంట్లో పట్టేది యాడా దొరకలేదప్పా, ఆశ వదులుకో" అన్నావు. వదులుకున్నాను.

మొన్న మడకశిర పెళ్లిలో అదే ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయిస్తూ నువ్వు కనిపించావు. నన్ను నువ్వు చూడలేదు. మీరంతా భోజనాలకు లేచాక స్టేజీ ఎక్కాను. రెండు నెలలుగా జేబులోనే ఉండిపోయిన దారం తీసి, ఆ సెట్టుకు ఈ పక్కనుంచి ఆ పక్కకు పట్టి చూశాను. ఇంకా జానెడు మిగిలింది.

నాకే కావాలప్పా అని ఒక్క మాట అని ఉంటే, హిందూపురం వచ్చి మీ ఇంటి మూల కూడా నేనే కొలిచి ఇచ్చేవాణ్ణి.

దారం ఈ కవర్లో పెట్టాను. ఇంకెప్పుడూ నాకోసం ఏదీ వెతకొద్దు.