గుమ్మం దగ్గర పిలవని పేరు

వాటర్‌ఫోర్డ్, ఐర్లండ్,
2 జూన్ 2021.

చిరంజీవి సౌభాగ్యవతి రమాదేవికి, రెండేళ్ళుగా నీ గొంతు వినని నాగరత్నక్క ఆశీర్వదించి రాయడం. ఇక్కడ నేనూ, మా అబ్బాయి యుగంధరూ, కోడలూ బాగానే ఉన్నాం. నీ సంగతి తెలీదు గనక ఉభయకుశలోపరి అనలేను. లెటర్‌కెన్నీలో డ్యూటీలెలా ఉన్నాయో, నువ్వు వార్డులో ఉంటే సహస్రని ఎవరు చూసుకుంటున్నారో అని రోజూ అనుకుంటాను. ఫోన్ చేస్తే ఎత్తవు. చింపెయ్యకుండా చదువు తల్లీ.

మన శనివారం తెలుగు బడి హాలు నిరుడు మార్చిలో మూసింది మూసినట్టే ఉంది. సెప్టెంబరులో మళ్ళీ ఇస్తారట. ఈలోగా పిల్లలు నేర్చుకున్న ఆ నాలుగు తెలుగు ముక్కలూ మర్చిపోతున్నారు.

ఆ హాలుకి ప్రాణం పోసింది ఆ నర్సు మేరే. న్యూజిలాండ్ నుంచి వచ్చి ఇక్కడ నీతో పనిచేసిన ఆ మావోరీ మనిషిని నువ్వే తీసుకొచ్చావు. వాళ్ళవాళ్ళు ఊళ్ళొదిలి ఆక్లాండ్ చేరాక, పిల్లలకి భాష పోతోందని సిటీలోనే అందరూ కలిసే ఇల్లు కట్టుకున్నారట, మరాయె అంటారట. లోపలినుంచి ఆడమనిషి గొంతెత్తి పిలిస్తేగాని వచ్చినవాళ్ళు అడుగు పెట్టరట. వాళ్ళతోపాటు వాళ్ళింట్లో పోయినవాళ్ళనీ పిలుస్తారట. మనమూ పిలుద్దామన్నావు. నా గొంతు పెద్దదని నన్ను గుమ్మంలో నిలబెట్టారు. ఇంటిపేరూ ఊరిపేరూ పెట్టి పిలుస్తుంటే, ఇంగ్లీషు తప్ప నోరు విప్పని పిల్లలు కూడా మన ఊరేదని తల్లుల్ని అడిగేవాళ్ళు.

మీ అమ్మ పోయిన నెలకి ఉగాది వచ్చింది. వీరరాఘవమ్మగారి పేరు కూడా పిలవమని నా చెవిలో చెప్పావు. శుభమా అని పండగ చేసుకుంటుంటే చచ్చినవాళ్ళ పేరేమిటే, అశుభం అన్నాను, అందరిముందూ! అమ్మమ్మని ఎందుకు పిలవరని సహస్ర ఇంగ్లీషులో అడిగితే దాన్నీ కసిరాను. పిల్ల చెయ్యి పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయావు. ఆ వేసవిలో ఊరే మారిపోయావు.

ఒక్క పేరు పిలిస్తే నీ నోరు అరిగిపోయేదా అని మీ బావగారు ఆ రోజు కారులో నన్ను తిట్టారు. నేను మూతి ముడుచుకున్నాను. శాస్త్రమంతా నాకొక్కదానికే తెలిసినట్టు! తప్పు నాదే రమా. ఆ మాట అనడానికి రెండేళ్ళు పట్టింది, సిగ్గులేనిదాన్ని.

హాలు తెరిచిన రోజున నువ్వు రావాలి. గుమ్మంలో నువ్వే నిలబడాలి. నాకిప్పుడు గొంతు రావడం లేదు. అమ్మ పేరే మొదట పిలువు. మేరే కూడా వస్తానంది.

సహస్రకి ముద్దులతో,
మీ నాగరత్నక్క.

తా.క. అంటించిన కవరు మళ్ళీ విప్పాను. మీ బావగారు జనవరి పంతొమ్మిదిన కోవిడ్‌తో పోయారు. జాలిపడి వస్తావేమోనని, నీకు చెప్పొద్దని అందరి దగ్గరా మాట తీసుకున్నాను. దహనానికి పదిమందినే రానిచ్చారు. పెట్టె కదులుతుంటే పేరు పెట్టి పిలుద్దామని నోరు తెరిచాను. మొగుడి పేరు అనకూడదని నలభై రెండేళ్ళు అనలేదు కదా, అప్పుడూ నోరు రాలేదు. ఎవరూ పిలవకుండానే వెళ్ళిపోయారమ్మా. చెయ్యి మాత్రం రాయగలుగుతోంది: సుబ్బారావుగారు. నువ్వు పిలువు.