చిన్ని కాల్లో రెండు మేకులు

నరసాపురం

చిరంజీవి చిన్నికి తాతయ్య అనేక దీవెనలతో రాయునది. పడవల మీద సుత్తి కొట్టీ కొట్టీ నా చెవులు మొద్దుబారాయి, ఫోనులో నీ మాట ఒక్కటీ అందదు. అందుకే ఈ ఉత్తరం. ఆపరేషన్ అయిందని, విరిగిన తొడ ఎముకలోకి రెండు మేకులు దించారని మీ అమ్మ పక్కింటి రత్తమ్మతో కబురు చేసింది. అంతవరకూ బాగానే ఉంది. ఎనిమిది నెలలయ్యాక మళ్ళీ కోసి వాటిని పీకేస్తారట. నలభై ఏళ్ళుగా పడవలు కడుతున్నాను, బిగించిన మేకు పీకడం నేనెరగను. మేకు పీకితే ఏమవుతుందో నీకు తెలుసు కదమ్మా. నాకు అన్నం సయించడం లేదు.

ఇట్లు,
మీ తాతయ్య ముసలయ్య

తా.క.: ఉప్పు మానెయ్. మేకులు తుప్పు పడతాయి.

రాజమండ్రి

తాతయ్యకి చిన్ని నమస్కారాలు. అవి ఇనుము కాదు, టైటానియం. తుప్పు పట్టవట. నాకు పదకొండేళ్ళే కాబట్టి ఎముక తొందరగా అతుకుతుందని, మేకులు తీశాక కన్నాలు వాటంతటవే పూడిపోతాయని డాక్టర్ గారు చెప్పారు. మేకు పీకితే ఏమవుతుందో నాకు తెలుసని ఎందుకు రాశావు? నీకు ఎవరైనా ఏమైనా చెప్పారా?

ఇట్లు,
చిన్ని

తా.క.: వాకర్ పట్టుకుని నిలబడమంటున్నారు. నేను నిలబడను. ఉప్పు లేని పప్పు మూడు రోజులు తిన్నాను.

నరసాపురం

చిన్నికి దీవెనలు. నాకెవరూ చెప్పక్కర్లేదు. నిలబడనన్నావంటేనే అర్థమైపోయింది, మేకు వదులైంది. కన్నం దానంతటదే పూడిపోవడం నేను ఏ పడవలోనూ చూడలేదు. నా దగ్గర ఏదో దాస్తున్నారు. ఆదివారం బస్సుకి వస్తున్నాను. డాక్టరైనా సరే, ఎవరైనా సరే, నిజం చెప్పించకుండా కదలను.

ఇట్లు,
తాతయ్య

తా.క.: సుత్తి తెస్తున్నాను.

రాజమండ్రి

తాతయ్యా, సుత్తి తేవద్దు. నేనే చెప్పేస్తాను. పడవ పక్కన పరంజా చెక్కకి ఉన్న మేకు నేనే పీకాను, నా బొమ్మ పడవకి లంగరు చేద్దామని. ఒక్కటి తీస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. ఎక్కగానే చెక్క తిరగబడి కింద పడ్డాను. నువ్వేమో మేకు సరిగ్గా కొట్టలేదని ఒప్పుకుని నాన్న చేత అన్ని మాటలు పడ్డావు. నేను విన్నాను. నడక వస్తే నరసాపురం పంపిస్తారు. నీ మొహం ఎలా చూడను?

ఇట్లు,
నీ చిన్ని

తా.క.: ఆ మేకు ఎక్కడో పడిపోయింది. వచ్చి వెతికి ఇస్తాను.

నరసాపురం

పిచ్చితల్లీ, అది ఎక్కడా పడిపోలేదు. నిన్ను ఎత్తుకున్నప్పుడు నీ గుప్పిట్లోనే ఉంది. ఎవరూ చూడకముందే తీసి నా జేబులో వేసుకున్నాను. కాలు విరిగిన పిల్లకి పైన తిట్లు కూడా ఎందుకని. నా కోపమంతా ఆ డాక్టరు మీదేనమ్మా. నువ్వు అడుగు వేసేదాకా నాకు భయం పోదు. ఆదివారం ఉత్త చేతులతో వస్తాను. గుమ్మం దాకా ఎదురొస్తే చాలు.

ఇట్లు,
తాతయ్య

తా.క.: ఆ రెండూ పీకాక పారెయ్యొద్దని డాక్టరు గారితో చెప్పు. ఒకటి నీ బొమ్మ పడవకి లంగరు చేస్తాను. తుప్పు పడుతుందో లేదో రెండోది నేను ఉప్పునీళ్ళలో వేసి చూస్తాను.