పార్సిల్లో వచ్చిన పురుగులు

మామిడికుదురు,
ఏప్రిల్ 12, 1982

ఒరే ఉమామహేశ్వరం,

నీ చెవి మెలిపెట్టి మరీ దీవిస్తూ తాత రాసేది.

మన దొడ్లో ఖర్జూరం చెట్టు గెలేసింది కదా, దానికి తెగులు పట్టిందిరా. కంటికానని ఎర్రపురుగు కాయల్నిండా బూజు అల్లేసి రసం పీల్చేస్తోంది. కాయలు దుమ్ముకొట్టుకుపోయి గరుకెక్కిపోతున్నాయి. గోడవతల మీ మామ్మ తమ్ముడు పట్టాభి చెట్టుకీ ఇదే రోగం. అదొక్కటే నాకు తృప్తి. ఎవరి గెల ముందు పండితే వాళ్లదే అప్పనపల్లి స్వామికి పెట్టాలని ఇద్దరం పంతం వేసుకున్నాం. ఓడిపోయేనంటే ఆ పట్టాభి నవ్వు చచ్చేదాకా వినాలి. ఇన్నేళ్లు పురుగుల చదువు చదివేవు కదా, ఏదైనా మందు పంపి ఏడు.

తాత అచ్యుతరామయ్య

తా.క. నీ చదువుకి ఇన్నాళ్లకి పనిబడిందని మీ మామ్మ సంబరపడుతోంది. నేనింకా పడట్లేదు.


హైదరాబాదు,
ఏప్రిల్ 20

తాతయ్యగారికి నమస్కారాలండి.

మందులేవీ కొట్టకండి. ఒక డబ్బా పార్సిలు చేస్తున్నాను. అందులో వేరే జాతి పురుగులున్నాయి. ఎర్రపురుగుల్ని వేటాడి తినడమే వాటి పని. కాయల జోలికి పోవు. అవి పొట్టులో కలిసి ఉంటాయి; చల్లపూట ఆ పొట్టుని గెల మీద చల్లండి.

మీ ఉమ

తా.క. మూత తీసి మామ్మని వాసన చూడమనకండి.


మామిడికుదురు,
మే 14

ఒరే మేధావీ,

దీవెనలు ఈసారికి సగమే.

పురుగు పట్టిందిరా అంటే పురుగులు పంపేవు! ఇంట్లో దొంగలు పడ్డారని కబురెడితే తోడుగా ఇంకో నలుగురు దొంగల్ని తోలినట్టుంది. ప్రభుత్వం నీకు జీతమిస్తోంది ఇందుకా? సరే, చల్లేను. నా గెల మాత్రం బూజుపట్టిన అటకలాగే ఉంది.

తాత

తా.క. పట్టాభి గెల ఎందుకో తేటగా కనిపిస్తోంది. నా కళ్లజోడు మార్చాలి.


హైదరాబాదు,
మే 22

తాతయ్యగారికి,

అలా జరగడానికి వీల్లేదండి. చాల్లేదేమో, ఇంకో రెండు డబ్బాలు పంపుతున్నాను. నిజం చెప్పండి, చెట్టు మీదే చల్లేరా?

ఉమ

తా.క. మా ఆఫీసరుగారు మీ ఉత్తరం చదివి, దొంగల మాట దగ్గర నన్ను ఎగాదిగా చూశారు.


మామిడికుదురు,
జులై 5

నాయనా ఉమామహేశ్వరం,

నీకు నిండా దీవెనలు. ఈ ఉత్తరం చదివి చించెయ్.

చెట్టు మీదేరా చల్లేను. ఎవరి చెట్టని నువ్వడగలేదు. పురుగులు పోస్తే ఏ చెట్టయినా నాశనమైపోతుందని, మొదటి డబ్బా నిచ్చెనెక్కి పట్టాభి గెల మీద గుమ్మరించేను. ఆ చెట్టు నవనవలాడుతుంటే, మోతాదు చాల్లేదు కాబోలని తక్కిన రెండూ అక్కడే పోసేను.

నిన్న పట్టాభి పళ్లెంనిండా పసుపుపచ్చటి కాయలు పట్టుకొచ్చేడు. కళ్లంట నీళ్లు.

"బావగారూ, మీరు నిచ్చెనెక్కి మా గెలకి మందెయ్యడం అరుగు మీంచి చూస్తూనే ఉన్నానండీ. మీ చెట్టు పాడైపోతున్నా నా చెట్టు కాపాడేరు. ఇలాంటి మనిషితోనాండీ నేను పంతం వేసుకున్నాను?"

"ఆయ్" అన్నాను. ఇంకేమంటాను?

స్వామికి ఆ గెల నా పేరునే పెట్టించేడు. ఊరంతా నన్ను ధర్మాత్ముడంటోంది. మీ మామ్మ మాత్రం నన్ను చూసినప్పుడల్లా కొంగు నోట్లో కుక్కుకుంటోంది.

వచ్చే ఏడు నా చెట్టుకో డబ్బా పంపు.

తాత

తా.క. నిజంగా చెట్టుని తినే పురుగులేవైనా నీ దగ్గరుంటే అవీ ఒక డబ్బా పంపు. ఈసారి పట్టాభే నిచ్చెన పట్టుకుంటాడు.