చప్పుడున్న ఇల్లు

బాపూ,

ఈ రోజు నీ సంవత్సరికం. నీకు చెప్పాల్సిన మాట ఒకటుంది: రాణికి ఇల్లు దొరికింది.

లారీ తగిలి కుంటుతున్న ఆ కుక్కను ఎత్తుకొచ్చి, నువ్వు బట్ట నేసే కరెంటు సాంచెల పక్కనే పెంచావు. నువ్వు పోయాక సాంచెల పక్క ఇల్లు వదిలి మేము ఇప్పుడు అంజూర్ ఫాటాలో ఉంటున్న బిల్డింగులో కుక్కలను ఉంచనివ్వరు. నిశ్శబ్దం అంటే నాకిష్టం కదా, చప్పుడు లేని ఇల్లే రాణికీ మంచిదనుకుని ఊరి చివర ఒకళ్లకు ఇచ్చాను. అది తినదు, నిద్రపోదు అంటూ వాళ్లు తిరిగి తెచ్చారు.

నిన్న గైబీ నగర్‌లో సాంచెలు నడిపే రాజవ్వ అత్త దగ్గరికి తీసుకెళ్లాను. అప్పుడు కరెంటు పోయి సాంచెలు ఆగి ఉన్నాయి.

"గీ సాంచెల సప్పుడుల మాకే నిద్ర రాదు. కుక్క ఎట్ల పంటది బిడ్డా?" అని అత్త నవ్వింది.

అంతలో కరెంటు వచ్చి సాంచెలన్నీ ఒక్కసారి మొదలయ్యాయి. రాణి చెవులు నిక్కించింది. కుంటుకుంటూ లోపలికి వెళ్లి, గోడ పక్క నూలు పోగుల కుప్ప మీద ముడుచుకుని కళ్లు మూసింది.

"అచ్చం మీ బాపు లెక్కనే! వారం వారం శుక్రవారం కరెంటు బందై సాంచెలు ఆగితే ఆయనకు గూడ నిద్ర పట్టకపోవు. ఈడనే ఉండనియ్యి."

కొత్త ఇంట్లో అమ్మకూ సరిగా నిద్ర పట్టడం లేదు బాపూ. సాంచెలు నడిచే రోజు చూసి, రాణి దగ్గరికి అమ్మను కూడా తీసుకెళ్తాను.