సింకు కింది పక్కబోర్డు

రాజేశమన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మా కరీంనగర్ ఇంట్లో సింకు కింద చెక్కపొట్టుతో చేసిన మెలమైన్ బోర్డులతో నువ్వు కట్టిన అల్మారాను ఈ రోజే విప్పించాను. ఉబ్బిన పక్కబోర్డును కొత్త వడ్రంగి బయటికి తీశాడు. కోసిన ప్రతి అంచుకూ నీళ్లు దిగకుండా నువ్వు పట్టీ అంటించావు, గోడవైపు ఎవరికీ కనిపించని అంచుకు కూడా.

"పనితనం మంచిగుంది సార్. గీ పైపు రంధ్రం ఎవలు పెట్టిండ్రు? దాని అంచు మూయలే, బోర్డు నీళ్లన్నీ గిక్కడికెల్లే తాగింది," అన్నాడు.

పెట్టింది నేనే, నీళ్ల ఫిల్టర్ పైపు కోసం. "కోసిన అంచే గీ బోర్డుకు నోరు సార్. రంధ్రం పెట్టాలంటే నన్ను పిలువుండ్రి," అని నువ్వు ముందే చెప్పావు.

బోర్డు ఉబ్బగానే, విప్పి చూడకుండానే, నీది నాసిరకం పని అని కాలనీలో చెప్పాను. ఎదురింటివాళ్లు నీకిచ్చిన పని మాన్పించారు. నువ్వు మా గుమ్మంలో నిలబడి, "ఒక్కసారి విప్పి చూస్త సార్," అన్నావు. టైం లేదన్నాను. రెండో పక్షాన్ని అడగకుండా వార్త రాయొద్దని కొత్త విలేకరులకు చెప్పేది నేనే.

సాయంత్రం ఆ బోర్డు పట్టుకుని ఎదురింటికి వెళ్లాను. రంధ్రం చూపించి, పెట్టింది నేనేనని చెప్పాను.

"ఎవలో రంధ్రం పెట్టి ఉంటరని గాయన అప్పుడే అన్నడు సార్. మీరు పేపరాయన గదా, మీ మాటే నమ్మినం," అంది ఆ ఇంటావిడ.