నూనె పట్టని పలక

పిచ్చుకా,

నాలుగేళ్ళుగా నీకు ఉత్తరం రాయాలని కూర్చోవడం, మొదటి వాక్యం దగ్గరే లేచిపోవడం నాకు అలవాటైపోయింది. ఈసారి లేవను.

పెరటి కంచె పాడైపోతోందని నాన్న రోజూ గొణుగుతుంటే ఈ ఎండల్లో పనిలోకి దిగాను. అమ్మకి మతి తప్పడం మొదలయ్యాక, ఎటైనా వెళ్ళిపోతుందని నాన్నా నేనూ కలిసి వేసిన కంచె. ఎండకీ వానకీ పలకలన్నీ బూడిదరంగుకు తిరిగాయి, మొదళ్ళలో నాచు పట్టింది. నాచు గీకి, ఉప్పు కాగితంతో రుద్ది, కడిగి, మూడు రోజులు ఆరనిచ్చి అవిసె నూనె పూశాను. ఎన్నాళ్ళ దాహమో, పలకలు పూసింది పూసినట్టు తాగేశాయి. గేటు పక్క పలక ఒక్కటే తాగలేదు. నడుమెత్తున, అరచేయంత మేర, నూనె చుక్కలు చుక్కలుగా విడిపోయి నిలబడింది. మళ్ళీ రుద్దాను, మళ్ళీ పూశాను. అంతే.

వడ్రంగిని పిలిచి చూపించాను. వేలితో తడిమి, “ఇక్కడెవరో రోజూ చెయ్యి ఆనించి నిలబడేవాళ్ళు సార్. చేతికి మైనంలాంటిదేమైనా రాసుకునేవాళ్ళా? అది లోపలికి దిగిపోయింది” అన్నాడు.

నువ్వు పొద్దునా సాయంత్రం అమ్మ చేతులకు రాసే కీళ్ళనొప్పుల లేపనం.

ఆ రోజు నుంచీ సాయంత్రం నాలుగయ్యేసరికి, అమ్మ పెరట్లో తిరిగే వేళకి, కంచె పొడుగునా వేళ్ళతో తట్టిన చప్పుడు వినిపిస్తోంది. వదులు పలకేమోనని ఉన్నవాటన్నిటికీ మేకులు దిగ్గొట్టాను. చప్పుడు పోలేదు. ఒక్కో పలకా దాటుకుంటూ గేటు దాకా వస్తుంది, అక్కడ ఆగుతుంది. నేను ఏం చేస్తానో చూస్తున్నట్టు.

పిచ్చుకా, అమ్మ తప్పిపోయిన రోజు గేటు గడియ నువ్వు వేశావు. తీసింది నేను.

పొద్దుటినుంచి ఇరవైసార్లు అడిగింది. “బాబూ, తమరెవరో గానీ పుణ్యముంటుంది, కాస్త ఈ తలుపు తీయండి. పిల్లలు ఎదురుచూస్తుంటారు.” కన్నకొడుకుని పట్టుకుని తమరు అంది. విసుగు పుట్టిందో, జాలి వేసిందో ఇప్పటికీ తెలియదు. గడియ తీసి “వెళ్ళమ్మా” అన్నాను. పది నిమిషాలాగి వెనకాలే వెళ్ళి తీసుకొద్దామనుకున్నాను. లోపలికొచ్చి నడుం వాల్చాను, కన్ను మూతపడింది. వాగు గట్టున ఒక చెప్పు దొరికింది. అమ్మ దొరకలేదు.

గడియ సరిగ్గా వేశానో లేదో అని నువ్వు ఏడుస్తుంటే నోరు మెదపలేదు. నాన్న నిన్ను గుమ్మం తొక్కొద్దన్నప్పుడూ మెదపలేదు. ఇప్పుడు ఆయనకి చెప్పెయ్యాలి. ముందు నీకు చెప్పకుండా ఆయన దగ్గరికి వెళ్ళలేను. నువ్వెంత మాటన్నా పడతాను.

నీకు మొహం చూపించలేని
అన్నయ్య

---

అన్నయ్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కోపం వస్తుందని చూశాను. రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే నేను దాచుకున్నదీ బయటపెట్టాలి.

నువ్వు గడియ తీయడం నేను చూశాను. వంటింటి కిటికీ దగ్గర గిన్నెలు కడుగుతున్నాను. గేటు దాటాక అమ్మ వెనక్కి తిరిగి, నాకు చెయ్యి ఊపింది. నవ్వుతూ, ఊరెళ్ళేవాళ్ళు ఊపినట్టు. ఏడాదిగా ఆ మొహంలో నవ్వు చూసి ఎరగను. నేనూ తడిచేత్తో ఊపాను. కుళాయి కట్టెయ్యలేదు. పరిగెత్తలేదు. ఒక్క గంటసేపు ‘నువ్వెవరమ్మా’ అని నన్నెవరూ అడగరు కదా అనుకున్నాను. గిన్నెలన్నీ తుడిచి సర్దేదాకా గడప దాటలేదు. ఇప్పుడుంటున్న ఈ ఇంట్లో కూడా, కుళాయి కింద చెయ్యి పెట్టినప్పుడు నేను తలెత్తి కిటికీలోకి చూడను.

గడియ తప్పు నా మీద వేసుకున్నది నిన్ను కాపాడ్డానికి కాదు. కిటికీ సంగతి చెప్పడం కంటే అది తేలిక. నాన్న తిట్టిన ప్రతి తిట్టూ నాకు చాటుగా పనికొచ్చింది. నా వెనక దాక్కున్నానని నువ్వు కుమిలిపోతున్నావు. నేను దాక్కున్నది నీ వెనకే.

నాన్నకి ఒక్కడివే చెప్పకు. శనివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. ఇద్దరం పక్కపక్కన నిలబడదాం. ముందు నువ్వు చెప్పు, తర్వాత నేను. గట్టిగా అరిస్తే ఆయనకి దగ్గు తెరలు తెరలుగా వస్తుంది, మంచినీళ్ళు దగ్గర పెట్టు. మొహమ్మీదే తలుపు వేసేసుకుంటే మెట్ల మీద కూర్చుందాం. ఆకలేస్తే ఆయనే తీస్తాడు. తియ్యకపోతే ఆదివారం కూడా కూర్చుందాం.

సోమవారం దాకా సెలవు పెట్టాను.

పిచ్చుక