చిట్టి పేరున్న సీతాకోకచిలుక

మ్యూజియం వెనక గది,
మంగళవారం, జూన్ 14

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టమని అమ్మ మనిద్దరికీ నేర్పింది. ఇక్కడ కుశలం అంతంతమాత్రమే కాబట్టి ఉపరి దగ్గర్నుంచే మొదలుపెడుతున్నాను. నాన్న ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నాడు. ఆయాసం తగ్గలేదు. డాక్టరమ్మ ఇంటికి పంపుతాననీ అనదు, పంపననీ అనదు. ముక్కుకి గొట్టం పెట్టుకుని కూడా ఈయన పక్క మంచం పెద్దమనిషికి చిమ్మటకీ సీతాకోకచిలుకకీ తేడా చెబుతున్నాడు. పాపం, ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

నీ ఉత్తరం అందింది. చదివిన వెంటనే జవాబు రాసి ఉంటే జన్మలో నా మొహం చూసేవాడివి కాదు. అందుకే కొన్నాళ్ళు ఆగాను. అయినా కోపం తగ్గలేదనుకో.

పోయినేడు నువ్వేమన్నావు? నాన్న చిట్టి పేరు పెట్టిన సీతాకోకచిలుక కాలు ఒకటి పంపక్కా, మా ల్యాబులో పరీక్ష చేసి దాని చుట్టాలెవరో తేలుస్తాను అన్నావు. మన చిట్టి పేరు మళ్ళీ అచ్చులో వస్తుందని మురిసిపోయాను. పట్టకారుతో కాలు తీసి, చిన్న సీసాలో వేసి, దూదిలో చుట్టి నా చేత్తో నేనే పంపాను. ఇప్పుడు నువ్వు తేల్చిందేమిటి? అది వేరే జాతే కాదనీ, ఏనాడో ఎవరో పేరు పెట్టేసిన నీలి రెక్కలదానికి ఆడదనీ! మగది నీలం, ఆడది గోధుమ రంగు కావడంతో నాన్న పొరబడ్డాడనీ, ముందు పెట్టిన పేరే నిలవాలి గనక చిట్టి పేరు కొట్టెయ్యాలనీ. కాలు విరిచి ఇచ్చినందుకు బాగా బుద్ధి చెప్పావురా.

నువ్వు చెప్పింది తప్పని నేననను. ఉత్తరం వచ్చిన రోజే ఇక్కడ అవి ఉన్న సొరుగు లాగి, భూతద్దం కింద ఒక్కొక్కదాన్నీ తిరగేసి చూశాను. రెక్కల మీద లోహపు మెరుపు చుక్కలుండే ఈ కుటుంబంలో మగవాటికి ముందు కాళ్ళు రెండూ చిన్నవైపోయి రొమ్ముకి ముడుచుకుని ఉంటాయి, మిగతా నాలుగింటితోనే నడుస్తాయి. ఆడవి ఆరింటితోనూ నడుస్తాయి. చిట్టి పేరు కిందున్నవన్నీ ఆరు కాళ్ళ మీద నడిచినవే. పక్క సొరుగులోని నీలివన్నీ నాలుగింటివే. రెక్కలు చాపి, సూదులు గుచ్చి ఆరబెట్టడం నా ఉద్యోగమే అయినా, వీటిని ఇక్కడ పనిచేసే రోజుల్లో నాన్నే సర్దాడు, నేను చేరక ముందే. అద్దం మీంచి ఆ వెండి చుక్కలు చూసుకోవడమే తప్ప కడుపు కింద ఏముందో చూడాలని నాకెప్పుడూ తోచలేదు.

అయితే ఏంటట? అప్పటికి నువ్వు పాలు తాగే పిల్లాడివి, నీకేం తెలుసు? నీ చిన్నక్క చిట్టికి జ్వరం వచ్చినప్పుడు నాన్న అడవిలో ఉన్నాడు. ఈ మాయదారివి ఆకు మీద వాలవు కదా, ఆకు అడుగున రెక్కలు పరుచుకుని తలకిందులుగా అతుక్కుంటాయి. ఒక్కో ఆకే ఎత్తి చూసుకుంటూ ఆయన లోపలికి, ఇంకా లోపలికి వెళ్ళిపోయాడు. కబురు తీసుకెళ్ళిన మనిషికి దొరకలేదు. ఇంటికొచ్చేసరికి అంతా అయిపోయింది. అమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. నాన్న భుజాన సంచీ కూడా దించకుండా అలాగే నిలబడిపోయాడు. ఆ సంచీలోనే ఉందది, మడత పెట్టిన కాగితం పొట్లంలో.

అమ్మ చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు. చిట్టి పేరు పెట్టాననీ, అది అచ్చయి వచ్చిందనీ ఆయన చెప్పిన రోజు మాట్లాడింది. ఏదీ, ఒకసారి చూపించండి అంది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం మ్యూజియంకి వచ్చేది. నాన్న సొరుగు లాగి పట్టుకునేవాడు. అమ్మ అద్దం మీద చెయ్యి పెట్టి, చిట్టీ, బాగున్నావా తల్లీ అని పలకరించేది. చూసినవాళ్ళు నవ్వుకునేవాళ్ళు, నవ్వుకోనీ. చిట్టికి ఒక్క ఫొటో లేదు. గౌన్లు అమ్మ ఎవరికో ఇచ్చేసింది. ఆ పిల్ల ఈ లోకంలో ఉండి వెళ్ళిందని చెప్పేది ఆ పేరొక్కటే. కొట్టెయ్యడానికి నీకు అదే దొరికిందిరా?

నాన్న సరేనంటేనే ఈ వ్యాసం అచ్చుకిస్తాను, వద్దంటే చింపేస్తాను అని రాశావు. ఆ మాత్రం బుద్ధి మిగిలినందుకు సంతోషం. అయితే విను. నిన్న సాయంత్రం నాన్నకి నీ ఉత్తరం చదివి వినిపించాను. గోడవైపు తిరిగిపోయాడు. తర్వాత వద్దు అన్నాడు. నేను పోయాక కూడా వద్దని చెప్పు వాడికి, అన్నాడు. ఇక ఈ సంగతి ఆయన దగ్గర ఎత్తకు. ఫోన్లో అసలే ఎత్తకు, ఆయాసం ఎక్కువవుతుంది. చింపేస్తానన్న మాట మీద నిలబడు.

వేళకి తిను. మరదల్ని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మీద కోపం తగ్గని
అక్క

తా.క. పోస్టు డబ్బా దాకా వెళ్ళి వెనక్కి తెచ్చాను. చింపి మళ్ళీ రాసే ఓపిక లేదు, అందుకే ఈ చివరనే రాస్తున్నాను. నాన్న వద్దనలేదురా. నేనే అబద్ధం రాశాను.

చదవడం పూర్తికాకముందే నవ్వాడు. వాడికి ఇన్నాళ్ళు పట్టిందా అన్నాడు. పేరు అచ్చయిన మరుసటి ఏడే కాళ్ళు చూశాడట. తప్పు దిద్దేద్దామని కాగితం కూడా తీశాడట. ఆ ఆదివారం అమ్మ వచ్చి అద్దం మీద చెయ్యి పెట్టి చిట్టీ అని పిలిచేసరికి చేతులాడలేదట. మరి అమ్మ పోయాకైనా దిద్దొచ్చు కదా నాన్నా అన్నాను. అప్పటికి అలా పిలవడం నాకూ అలవాటైపోయిందే అన్నాడు. తప్పు తప్పే, నేనుండగానే అచ్చు వేసుకోమను వాణ్ణి, అన్నాడు. అని, ఏడ్చాడు. చిట్టి పోయినప్పుడు కూడా ఆయన ఏడవడం నేను చూడలేదు.

వద్దన్నది నేను. నువ్వు అచ్చుకిచ్చెయ్. అది వచ్చాక ఆయనకి చదివి వినిపించాలి, నా ఒక్కదాని వల్ల కాదు. నువ్వు రా.